పూల్ కవర్ సగంలో ఆగిందా? ఫోన్ పక్కన పెట్టి కొలత టేపు తీయండి

మీ ఇంట్లో స్విచ్ నొక్కితే మూసుకోవాల్సిన స్విమ్మింగ్ పూల్ కవర్ సగంలో ఆగిపోయి, పెట్టినవాళ్లు "అది మా తప్పు కాదు, మీ పూలే వంకర" అంటున్నారా? అయితే ఈ రాత్రికి వాళ్లతో వాదన వద్దు. ముందు కవర్ మోటార్‌కు పోయే ఎంసీబీ (కరెంటు బోర్డులోని ట్రిప్ స్విచ్) కిందికి దించండి, పూల్ వైపు గేటుకు తాళం వేయండి. పూర్తిగా తెరిచిన పూల్ కంటే సగం మూసిన పూల్ ప్రమాదం. కవర్ కిందికి ఎవరైనా పోతే పైకి కనిపించరు, చిన్నపిల్లలైతే అది నేలే అనుకుని కాలు పెడతారు. గొడవ రేపు పొద్దున పెట్టుకోవచ్చు.

మాది హనుమకొండ. మా బావకు కరీంనగర్‌లో గ్రానైట్ వ్యాపారం. మడికొండ అవతల ఇల్లు కట్టుకుని, 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పుతో పూల్ కట్టించి, మనవళ్లు ఉన్నారని దానికి ఆటోమేటిక్ కవర్ పెట్టించాడు. 9 లక్షలు, మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 10,62,000. సగం అడ్వాన్స్, సామాను దిగినప్పుడు 40 శాతం ఇచ్చేశాడు, 10 శాతం అంటే 1,06,200 మాత్రం పని పూర్తయ్యాక ఇస్తానని ఆపాడు. ఫిబ్రవరిలో బిగించారు, ఏప్రిల్‌లో ఆగడం మొదలైంది. తర్వాత రెండు నెలలు బావ ఫోన్‌లోనే యుద్ధం చేశాడు. ఆయన నోరు పెద్దది, ఫైలు చిన్నది. జూన్‌లో ఆ ఫైలు నా చేతికొచ్చింది, నాది కాగితాల ఉద్యోగం కాబట్టి. అప్పుడు చేసినవీ, ముందే చేసి ఉండాల్సినవీ ఇక్కడ రాస్తున్నాను.

ఇలాంటి గొడవల్లో చిక్కేంటంటే, తప్పు ఎవరిదో చెప్పేవాడు ఉండడు. పూల్ కట్టింది ఒకరు, కవర్ పెట్టింది ఇంకొకరు, కరెంటు లాగింది మూడో మనిషి, రాళ్లు వేసింది నాలుగో మనిషి. ప్రతివాడూ పక్కవాడి వైపు వేలు చూపిస్తాడు. మా దగ్గరైతే ఇంకా ఘోరం, గట్టు మీద వేసిన టాన్ బ్రౌన్ గ్రానైట్ రాళ్లు బావ సొంత యార్డు నుంచే వచ్చాయి, వేసింది కూడా ఆయన మనుషులే. కవర్ వాళ్లకు అంతకంటే మంచి సాకు ఏం కావాలి?

ముందు అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి. ఇంజనీర్ కానక్కర్లేదు, పది నిమిషాలు పక్కన కూర్చుని చూస్తే చాలు. బట్ట రకం కవర్ అయితే పూల్ ఒక చివర పెట్టెలో పెద్ద రోలర్ ఉంటుంది, దాని మీద దళసరి వినైల్ షీటు చుట్టుకుని ఉంటుంది. షీటు ముందు అంచుకు అల్యూమినియం బార్, దాని రెండు చివర్లూ రెండు పక్కల ట్రాకుల్లో జారుతుంటాయి. మూసేటప్పుడు ట్రాకుల్లో ఉన్న రెండు తాళ్లు అవతలి చివర కప్పీల మీదుగా తిరిగి బార్‌ను లాగుతాయి, తెరిచేటప్పుడు మోటార్ రోలర్‌ను తిప్పి షీటును చుట్టుకుంటుంది. కీలకం ఏంటంటే రెండు పక్కలూ ఒకే వేగంతో పోవాలి. ఒక పక్క ఎక్కడైనా పట్టేస్తే రెండో పక్క ముందుకు పోతుంది, బార్ వంకర తిరుగుతుంది, ఆ తర్వాత తాడు జారుతుంది లేదా మోటార్ ట్రిప్ అవుతుంది. నీళ్ల మీద తేలే పీవీసీ పలకల రకం అయితే చాలా వాటికి ట్రాకులు ఉండవు, వాటి గొడవలు వేరు. నీటి మట్టం తగ్గి పలకలు అంచుకు తట్టుకోవడం, పూల్ ఖాళీ చేసి ఎండలో మూసి ఉంచితే పలకలు వంగడం లాంటివి. మన ఎండలకు ఈ రెండోది తొందరగానే జరుగుతుంది.

ఇప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకోండి. కవర్ నడిపిన ప్రతిసారీ తేదీ, టైము, తెరుస్తున్నారా మూస్తున్నారా, ఎన్ని అడుగుల దగ్గర ఆగింది, ఏ పక్క వెనకబడింది, అప్పుడు పైన నీళ్లు ఉన్నాయా అనేవి రాయండి. గట్టు మీద చాక్‌పీసుతో అడుగు అడుగుకీ గీత పెట్టుకుంటే చోటు కచ్చితంగా తెలుస్తుంది. ప్రతిసారీ వీడియో తీయండి, స్విచ్ నొక్కిన చేయి దగ్గర నుంచి ఆగిన చోటు దాకా ఒకే ముక్కలో, మధ్యలో ఆపకుండా. మా పుస్తకంలో 11 సార్లు ఆగితే 9 సార్లు 18 అడుగుల గీత దగ్గరే, ఎప్పుడూ ఎడమ పక్కే. దీనికి విలువ ఎందుకంటే, ఒక్కోసారి ఒక్కో చోట ఆగితే తాళ్ల పొడవులోనో క్లచ్‌లోనో తేడా ఉందని అనుమానించాలి, ఎప్పుడూ ఒకే చోట ఆగితే ఆ చోట ట్రాకులోనో కింద రాయిలోనో ఏదో ఉంది. రెండు నెలల ఫోన్ కాల్స్ తేల్చని విషయాన్ని 40 పేజీల నోటు పుస్తకంలో మొదటి మూడు పేజీలు తేల్చాయి. కాకపోతే తాడు జారిపోయినా, మోటార్ వాసన వచ్చినా నడపడం ఆపేయండి, రికార్డు కోసమని మళ్లీ మళ్లీ నొక్కితే "మీరే చెడగొట్టారు" అంటారు. అదే కారణంతో వేరే మెకానిక్‌ను పిలిచి విప్పించొద్దు. విప్పితే వారంటీ పోయిందంటారు, పైగా ముందు ఎలా ఉండేదో సాక్ష్యం కూడా పోతుంది.

తర్వాత అందరినీ ఒకే రోజు ఒకే చోటికి పిలవండి. ఇదే అసలు పని. విడివిడిగా వస్తే పక్కవాడి మీద చెప్పి పోతారు, ఎదురెదురుగా ఉంటే మాట్లాడేది టేపు. వాట్సాప్‌లో పూల్ కాంట్రాక్టర్‌కు, కవర్ కంపెనీకి, ఎలక్ట్రీషియన్‌కు ఒకే మెసేజ్ పంపండి, మెయిల్ కూడా పెట్టండి:

"ఫలానా తేదీ ఉదయం 8 గంటలకు మా ఇంట్లో కవర్ సమస్య మీద ఉమ్మడి తనిఖీ పెట్టుకున్నాం. పూల్ కొలతలు, గట్టు లెవెల్, ట్రాకులు, తాళ్లు, కరెంటు అందరి ముందూ చూసి రాసుకుంటాం. మీ తరఫున ఒక మనిషి రావాలి. రాకపోతే వచ్చినవాళ్ల ముందు కొలిచి ఆ కాగితం మీకు పంపుతాం."

చివరి వాక్యం వదిలేయొద్దు. రాకపోతే ఏమవుతుందో తెలిస్తేనే వస్తారు.

మా తనిఖీ జూన్ చివరి వారంలో జరిగింది. కవర్ కంపెనీ సూపర్‌వైజర్ హైదరాబాద్ నుంచి వచ్చాడు. షూ కూడా విప్పకముందే మొదలుపెట్టాడు, "సార్, పూల్ మూలమట్టం లేదు, క్రాస్ ఉంది. గందుకే కవర్ పక్కకు గుంజుతున్నది." పూల్ కట్టిన మేస్త్రీ అప్పటిదాకా గోడకు ఆనుకుని బీడీ తాగుతున్నాడు. అది పారేసి, "ఏం క్రాస్ ఉన్నదన్నా? టేపు పట్టు, చూద్దాం" అన్నాడు.

మూల నుంచి మూలకు కొలవడం చాలా తేలిక, అన్నీ నిలువు మూలలైతే రెండు కర్ణాలూ సమానంగా రావాలి. 30 బై 15 పూల్‌కు లెక్క ప్రకారం 33 అడుగుల ఆరున్నర అంగుళాలు. టేపు వదులుగా ఉంటే తప్పొస్తుంది కాబట్టి స్టీల్ టేపు వాడండి, రెండు చివర్లా ఇద్దరు బిగించి పట్టుకోవాలి, అంకె చదివేవాడు పైకి గట్టిగా చదవాలి, మూడో మనిషి రాయాలి. మాకు ఒకటి సరిగ్గా ఆరున్నర, రెండోది ఆరూ ముప్పావు. పావు అంగుళం తేడా. సూపర్‌వైజర్ టేపు ఇంకోసారి పట్టమన్నాడు, పట్టాం, అదే వచ్చింది. తర్వాత ట్రాకుకు ట్రాకుకు మధ్య వెడల్పు మూడు మూడు అడుగులకొకసారి కొలిచాం, ఎక్కడా చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే పూల్ వంకర అన్న మాట అక్కడితో అయిపోయింది, మేస్త్రీ ఇంకో బీడీ వెలిగించాడు.

మరి 18 అడుగుల దగ్గర ఏముంది? మేస్త్రీ తన 6 అడుగుల అల్యూమినియం బద్ద తెచ్చి ఎడమ గట్టు మీద పడుకోబెట్టాడు. సరిగ్గా ఆ గీత దగ్గర బద్ద కింద వెలుతురు కనిపించింది. బావ జేబులోంచి పది రూపాయల బిళ్ల తీసి దూర్చాడు, దూరింది. దాని మీద ఇంకోటి పెట్టాడు, రెండూ దూరాయి. స్కేలుతో చూస్తే 4 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. రెండు రాళ్ల అతుకు దగ్గర ఒకటి ఎత్తుగా ఉంది, ట్రాకు రెండు ముక్కలు కలిసేది కూడా ఖర్మకొద్దీ అక్కడే. ఒక ముక్క లేచి, ఒక ముక్క దిగి, ఆ అతుకులో బార్ చివర తట్టుకుంటోంది. బావ ముఖం చూడాలి అప్పుడు. రాయి ఆయనది, వేసిన మనిషి ఆయన మనిషి.

ఇక్కడ చాలామంది ఓడిపోయామనుకుని ఊరుకుంటారు. ఊరుకోకండి. రాయి ఎత్తుగా ఉందన్నది ఒక ప్రశ్న, అది చూడకుండా దాని మీద ట్రాకు ఎలా బిగించారన్నది ఇంకో ప్రశ్న. పని మొదలుపెట్టే ముందు సైట్ చూసి, కొలిచి, సరే అన్నాకే బిగించడం వాళ్ల పనిలో భాగం. మా ఫైలులో లేని ఒక కాగితం కోసం ఇల్లంతా వెతికితే బావ కారు డాష్‌బోర్డులో టోల్ రసీదుల మధ్య దొరికింది. జనవరిలో వాళ్ల మనిషే వచ్చి నింపిన సైట్ చెక్‌లిస్టు. అందులో "గట్టు లెవెల్" అన్న గడిలో టిక్కు, కింద సంతకం, తేదీ. ఆ మరక పడిన కాగితం లేకపోతే మేం ఇప్పటికీ ఫోన్‌లోనే ఉండేవాళ్లం. కాబట్టి మీ ఇంట్లో పని ఇంకా మొదలుకాకపోతే ఆ చెక్‌లిస్టు అడిగి తీసుకోండి, లేదంటే మీరే తెల్ల కాగితం మీద "ఈ రోజు సైట్ కొలిచి చూశాం, కవర్ బిగించడానికి అనువుగా ఉంది" అని రాయించి సంతకం పెట్టించండి.

తనిఖీ అయ్యాక కొలతలన్నీ ఒక పేజీలో రాసి అక్కడే అందరి సంతకాలు తీసుకోండి. తప్పెవరిది అన్నది రాయొద్దు, రాస్తే ఎవరూ సంతకం పెట్టరు. అంకెలే రాయండి. అంకెలకు సంతకం పెట్టనన్నవాడి గురించి మిగతావాళ్లు "ఫలానాయన ఉన్నాడు, చూశాడు, సంతకం పెట్టలేదు" అని రాస్తే సరిపోతుంది.

టెక్నీషియన్ వచ్చి పోయిన ప్రతిసారీ జాబ్ కార్డు మీద సంతకం అడుగుతాడు, సాయంత్రం ఆరింటికి, బండి స్టార్ట్ చేసి. దాని మీద చిన్న అక్షరాల్లో "పని తృప్తికరంగా ఉంది" అని ఉంటుంది. బావ ఇలాంటివి నాలుగు సంతకాలు పెట్టాడు. ఆ వాక్యం కొట్టేసి, "18 అడుగుల దగ్గర ఆగుతోంది, పని పూర్తి కాలేదు" అని మీ చేతిరాతతో రాసి అప్పుడు పెట్టండి, ఫోటో తీసుకోండి. కుర్రాడు "సార్, మా ఆఫీసోళ్లు తిడతరు" అంటాడు, తిట్టనీయండి.

వాన సాకు

ఇది మన దగ్గర కచ్చితంగా వస్తుంది కాబట్టి విడిగా చెబుతున్నాను. జూన్‌లో మొదటి పెద్ద వానకు మా కవర్ మీద నీళ్లు నిలిచాయి, అక్క తెలియక స్విచ్ నొక్కింది, మోటార్ ట్రిప్ అయింది. వెంటనే కంపెనీ మెయిల్: నీళ్లతో నడిపారు, వారంటీ చెల్లదు. నిజానికి నీళ్లున్న కవర్ నడపకూడదు, ఆ మాట కరెక్టే. లెక్క చూడండి, 30 బై 15 అంటే 450 చదరపు అడుగులు, సుమారు 42 చదరపు మీటర్లు. ఒక్క సెంటీమీటర్ వాన పడితేనే 400 లీటర్లు దాటుతుంది, 5 సెంటీమీటర్లు పడితే రెండు టన్నులు. ఏ మోటార్ లాగుతుంది? అందుకే ఇలాంటి కవర్ల మీద నీళ్లు తోడే చిన్న పంపు పెడతారు.

అడగాల్సింది ఏంటంటే, ఆ పంపు కొటేషన్‌లో ఉందా, లేకపోతే విడిగా కొనుక్కోవాలని చెప్పారా, నీళ్లుంటే నడపొద్దని రాసిన మాన్యువల్ ఇచ్చారా, ఇచ్చినట్టు సంతకం ఉందా? మా కొటేషన్‌లో పంపు ఊసే లేదు. మాన్యువల్ మేం అడిగాక మే నెలలో పీడీఎఫ్ పంపారు, అదీ ఇంగ్లిషులో. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ప్రొడక్ట్ లయబిలిటీ (సరుకు వల్ల జరిగిన నష్టానికి తయారుచేసినవాళ్లు, అమ్మినవాళ్ల బాధ్యత) కింద, సరిగ్గా వాడే పద్ధతి, హెచ్చరికలు తగినంతగా ఇవ్వకపోవడం కూడా బాధ్యత తెచ్చే కారణమే. ఈ మాట మెయిల్‌లో రాశాకే వాళ్ల గొంతు తగ్గింది. ఎంత వాన పడిందన్న వాదన వస్తే తెలంగాణ ప్రణాళికా సంస్థ మండలాల వారీగా రోజువారీ వర్షపాతం ఇస్తుంది, మీ మండలం అంకె ప్రింటు తీసి పెట్టుకోండి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 65 సెంటీమీటర్ల వాన పడింది, అలాంటి రోజున కవర్ చెడితే ఎవరినీ అనలేం. మామూలు జూన్ వానకు చెడితే మాత్రం అడగాలి.

ఇంకో సాకు నీళ్ల కెమికల్స్. క్లోరిన్ ఎక్కువ వేసి కవర్ మూసి ఉంచితే షీటు నిజంగానే పాడవుతుంది, బోరు నీళ్ల ఉప్పు ట్రాకుల్లో పేరుకుంటుంది. పీహెచ్ 7.2, 7.6 మధ్య, ఫ్రీ క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం మధ్య ఉంచుకుని, టెస్ట్ చేసిన ప్రతిసారీ అదే నోటు పుస్తకంలో రాయండి. ఎక్కువ మోతాదు క్లోరిన్ కొట్టిన రోజు కవర్ తెరిచే ఉంచండి.

"సేఫ్టీ కవర్" అని అమ్మారా? అయితే ఏ ప్రమాణం ప్రకారమో రాతపూర్వకంగా అడగండి. అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్ 1346, ఫ్రాన్స్‌లో ఎన్‌ఎఫ్ పీ 90-308 అనేవి ఇలాంటి కవర్ల కోసమే ఉన్నాయి. బ్రోషర్‌లో పిల్లలు పైన నడిచే ఫోటో వేసి, సర్టిఫికెట్ అడిగితే నీళ్లు నమిలితే అది తప్పుదోవ పట్టించే ప్రచారం కిందికి వస్తుంది, బ్రోషర్ పారేయకండి. స్విచ్ ఎక్కడ పెట్టారో కూడా చూడండి. నడిపే మనిషికి పూల్ మొత్తం కనిపించే చోట ఉండాలి, వంటింట్లో పెట్టారంటే అదొక్కటే మార్పించడానికి సరిపడా కారణం.

డబ్బు ఆపడం, నోటీసు పంపడం

మిగిలిన డబ్బు ఊరికే ఆపొద్దు, ఎందుకు ఆపుతున్నారో రాసి ఆపండి. లేకపోతే "కస్టమర్ బ్యాలెన్స్ ఎగ్గొట్టాడు, అందుకే సర్వీస్ ఆపాం" అని కథ తిరగబడుతుంది. మేం రాసింది ఇంతే: "1,06,200 రూపాయలు మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. కవర్ 30 రోజులు ఆగకుండా పనిచేసిన మర్నాడు చెల్లిస్తాం." ఇవ్వనని ఎక్కడా అనలేదు చూడండి.

నోటీసు తప్పనిసరి అని చట్టంలో లేదు, అయినా పంపండి, చాలా గొడవలు అక్కడే తెగుతాయి. లాయర్ లెటర్‌హెడ్ ఉంటే బరువు ఎక్కువ, లేకున్నా పర్వాలేదు. ఎప్పుడు ఎంతకు కొన్నారు, ఎంత చెల్లించారు, ఏ తేదీన ఏం జరిగింది, ఉమ్మడి కొలతల్లో ఏం తేలింది, మీకు ఏం కావాలి, ఎన్ని రోజుల్లో అన్నవి వరుసగా రాయాలి. కోపం రాయొద్దు. మేం 15 రోజులు ఇచ్చాం, అప్పట్లో ఉన్న రిజిస్టర్డ్ పోస్టులో (2025 సెప్టెంబర్‌లో అది స్పీడ్ పోస్టులో కలిసిపోయింది) ఎక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపి అదే మెయిల్ చేశాం. విదేశీ తయారీ అయితే ఇక్కడి డీలర్‌కూ, దిగుమతి చేసినవాళ్లకూ ఇద్దరికీ పంపండి. "మేం డీలర్లమే" అన్న మాట బిగించిన పనికి వర్తించదు, బిగించింది వాళ్లే కదా.

ఇదే టైములో 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, కంపెనీకి ఫిర్యాదు పంపి జవాబు అడుగుతారు, కొన్ని కంపెనీలు దానికే కదులుతాయి.

కమిషన్ దాకా పోవాల్సి వస్తే

జనం ఇప్పటికీ కన్జ్యూమర్ ఫోరం అనే అంటారు, పేరు జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు అయితే జిల్లాలోనే. లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు, వాదించుకోవచ్చు. కొటేషన్ కింద "వివాదాలు హైదరాబాద్ పరిధిలోనే" అని ఉంటుంది, భయపడొద్దు, 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోట లేదా పనిచేసే చోట కేసు వేయొచ్చు. ఆర్బిట్రేషన్ క్లాజు (గొడవ వస్తే మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు) ఉన్నా వినియోగదారుల కేసుకు అడ్డు కాదని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఫీజు చూస్తే నవ్వొస్తుంది. చెల్లించింది 5 లక్షల దాకా అయితే ఏమీ లేదు, 5 నుంచి 10 లక్షలకు 200 రూపాయలు, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000. బిల్లు ఎంత అన్నది కాదు, మీ చేతి నుంచి ఎంత పోయింది అన్నది లెక్క. మా బిల్లు పది లక్షలు దాటినా కట్టింది 9,55,800 కాబట్టి మాకు 200 స్లాబే. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు.

గడువు మాత్రం మరిచిపోవద్దు. సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు. "వచ్చే వారం మనిషిని పంపుతం సార్" అన్న మాటలతో ఈ గడువు పెరగదు, వాళ్లు అందుకే అలా సాగదీస్తారేమో అని నా అనుమానం. కమిషన్ నోటీసు అందాక అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇంకో 15 రోజులు ఇవ్వొచ్చు, ఆపైన లేదు. టెస్టింగ్ అవసరం లేని కేసు మూడు నెలల్లో, అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. ఆ అంకెల మీద ఆశ పెట్టుకుని క్యాలెండర్‌లో గీతలు పెట్టుకోకండి.

సాక్ష్యాల్లో ఉమ్మడి కొలతల పేజీ పైన పెట్టండి, తర్వాత నోటు పుస్తకం, తర్వాత చెక్‌లిస్టు, బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్. వీలైతే చార్టర్డ్ ఇంజనీర్ ఒకరిని తెచ్చి చూపించి రిపోర్టు, అఫిడవిట్ తీసుకోండి. వాట్సాప్ చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి ప్రింటు తీయండి, కానీ ఒరిజినల్ ఫోన్ మార్చేయకండి, అమ్మేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చేస్తే ఆ తర్వాత అభ్యంతరాలకు చోటు తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. వీకెండ్‌కు అద్దెకిచ్చే ఫామ్‌హౌస్, రిసార్టు, ఫంక్షన్ హాలు పూల్ అయితే "ఇది వ్యాపారం, మీరు వినియోగదారు కాదు" అని మొదటి వాయిదాకే అడ్డం పడతారు. బతుకుదెరువు కోసం సొంతంగా నడుపుకునే చిన్న పని అయితే మినహాయింపు ఉంది, మిగతావాళ్లు ముందే లాయర్‌ను అడిగి సివిల్ కోర్టు దారి చూసుకోవడం మేలు. బిల్లు కంపెనీ పేరు మీద జీఎస్టీ క్రెడిట్ కోసం తీసుకున్నవాళ్లకు కూడా ఇదే చిక్కు. బావ కూడా అలాగే తీసుకుందామనుకున్నాడు, అక్క ఒప్పుకోలేదు. ఇల్లు నాది, బిల్లు నీ కంపెనీకి ఎందుకని. ఆమెకు చట్టం తెలియదు, కానీ కరెక్టుగా అడిగింది.

రాజీకి వస్తే

మా నోటీసు అందిన తొమ్మిదో రోజు కంపెనీ నుంచి పెద్ద మనిషి ఫోన్ చేశాడు, "మాట్లాడుకుందాం అన్నా" అని. మాట్లాడుకోవడం మంచిదే, కాగితం మీదే. బావ మొత్తం డబ్బు వాపసు అడగాలన్నాడు, నేను వద్దన్నాను. రాయి మనది, ఎదుటివాడు కూడా ఆ బిళ్లలు దూరడం చూశాడు. చివరికి రాసుకున్నది: రాయి అరగదీయించే ఖర్చు మాది, ఎడమ ట్రాకు విప్పి మళ్లీ బిగించడం, తాళ్లు మార్చడం, క్లచ్ చూడడం, నీళ్లు తోడే పంపు ఇవ్వడం వాళ్లది, వారంటీ మళ్లీ బిగించిన తేదీ నుంచి లెక్క, 30 రోజులు ఆగకుండా నడిస్తే 1,06,200 చెల్లింపు, మధ్యలో ఆగితే 30 రోజులు మళ్లీ మొదటి నుంచి. "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" అన్న మాట వాళ్లు చివర్లో చేర్చబోయారు, అది 30 రోజులు పూర్తయి డబ్బు అందిన రోజు నుంచే వర్తిస్తుందని మార్చి రాయించాం. మీ కాగితంలోనూ ఆ వాక్యం ఎక్కడ కూర్చుందో వెతకండి.

రాయి అరగదీయడానికి బావ యార్డు నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు, గంటన్నర పని. అరగదీశాక బద్ద పెట్టి చూస్తే ఒక్క బిళ్ల కూడా దూరలేదు. ట్రాకు బిగించడానికి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత నోటు పుస్తకంలో రోజుకు రెండు ఎంట్రీలు, ఉదయం తెరిచింది, సాయంత్రం మూసింది, అక్క చేతిరాతలో. 17వ రోజు వాన పడితే "పంపు పెట్టి నీళ్లు తోడాక 40 నిమిషాలకు తెరిచాం" అని రాసింది. 31వ రోజు పొద్దున బావ డబ్బు ట్రాన్స్‌ఫర్ చేసి, ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి, తొలిసారి తనే ఫైలులో పెట్టాడు.